పెన్‌డ్రైవ్ బాగానే ఉంది, ఫర్మ్‌వేరే దాన్ని లెక్కచేయట్లేదు

ప్రశ్న: 2014లో కొన్న చిన్న టచ్ ల్యాప్‌టాప్ ఉందండీ, ఇంటెల్ యాటమ్, 2 జీబీ ర్యామ్. ప్రాసెసర్ 64 బిట్ అని డబ్బా మీదే ఉంది, సరే కదా అని లినక్స్ 64 బిట్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఇమేజ్ ఫైల్) దించి పెన్‌డ్రైవ్ చేశా. బూట్ మెనూలో దాని పేరే రావట్లేదు, అదే పెన్‌డ్రైవ్ తమ్ముడి ల్యాప్‌టాప్‌కి పెడితే టక్కున బూట్ అయిపోతోంది. సంతకం లేని సాఫ్ట్‌వేర్ బూట్ కాకుండా ఆపే సెక్యూర్ బూట్ ఆఫ్ చేశా, మూడుసార్లు మళ్లీ రాశా. పాడైంది పోర్టా, పెన్‌డ్రైవా?

జవాబు: రెండూ కాదండీ. ఆ టైమ్‌లో వచ్చిన యాటమ్ మెషిన్లు చాలావాటిలో ప్రాసెసర్ 64 బిట్టే కానీ, 32 బిట్ విండోస్ 8.1 వేసి అమ్మారు కాబట్టి యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ (మెషిన్ ఆన్ చేయగానే ముందు నడిచి, సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) కూడా 32 బిట్‌దే పెట్టేశారు. డబ్బా మీద ఆ ముక్క ఎవరూ రాయరు మరి.

యూఈఎఫ్ఐ చేసే పని చూస్తే చాలా మొండిగా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉన్న భాగం (పార్టిషన్) వెతుక్కుంటుంది, అందులో 'ఈఎఫ్ఐ' ఫోల్డర్, దాని లోపల 'బూట్' ఫోల్డర్, అక్కడ తన సైజుకి సరిపడే ఫైల్ ఒక్కటి. 64 బిట్ ఫర్మ్‌వేర్ అయితే 'బూట్ఎక్స్64', 32 బిట్ అయితే 'బూట్ఐఏ32', అది లేకపోతే ఆ పెన్‌డ్రైవ్ మొహం కూడా చూడదు. మీ పెన్‌డ్రైవ్ ఓపెన్ చేసి ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి చూడండి, మొదటిది ఉండి రెండోది లేదంటే దొంగ దొరికినట్టే.

ఆ ఒక్క ఫైల్ ఎక్కడినుంచో తెచ్చి పడేస్తే సరిపోతుందని చాలామంది చెప్తారు, నేనైతే వద్దంటా. మెనూ వరకు రావచ్చు, ఇన్‌స్టాల్ కూడా అయిపోవచ్చు, కానీ ఇన్‌స్టాలర్ డిస్క్‌లో మళ్లీ 64 బిట్ గ్రబ్బే (లినక్స్‌ని లేపే బూట్ లోడర్) పెట్టిందనుకోండి, రీస్టార్ట్ చేయగానే కథ మొదటికొస్తుంది, ఈసారి వెనక్కి పోదామంటే విండోస్ కూడా ఉండదు. దానికంటే రెండు ఫైళ్లూ ముందే ఉన్న ఇమేజ్ తీసుకోండి. డెబియన్ అనే లినక్స్ వాళ్లు 2015లో వచ్చిన 8వ వెర్షన్‌లోనే మల్టీఆర్చ్ (32, 64 బిట్ రెండూ ఉన్న) ఇమేజ్‌తో దీనికి దారి చూపించారు. 32 బిట్ ఫర్మ్‌వేర్ మీద 64 బిట్ కెర్నల్ (లినక్స్‌కి గుండెలాంటి భాగం) నడవడం 2014లో 3.15 కెర్నల్ నుంచే ఉంది, కాబట్టి సిస్టమ్ 64 బిట్‌దే వేసుకోవచ్చు. ఏది దించినా రాసిన వెంటనే ఆ ఫోల్డర్ ఒకసారి చూసుకోండి, అంతే. 64 బిట్ విండోస్‌కి మాత్రం ఈ సౌకర్యం లేదు, ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఇన్‌స్టాలర్ బాగానే ఓపెన్ అవుతోంది గానీ ఎస్ఎస్‌డీ కనపడట్లేదు. విండోస్ ఉంచుకునే పక్కన వేసుకోవాలి.

జవాబు: ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌లో వీఎండీ గానీ ఆర్ఎస్‌టీ గానీ (డిస్క్‌ని ఇంటెల్ తన పద్ధతిలో నడిపే మోడ్‌లు) ఆన్‌లో ఉండి ఉంటుంది, ఇన్‌స్టాలర్‌కి ఆ డ్రైవర్ లేకపోతే డిస్క్ దాని వెనకే దాక్కుంటుంది. ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మార్చాలి గానీ ఉన్నపళంగా మార్చారంటే విండోస్ నీలి తెర చూపిస్తుంది. ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ వేరేచోట రాసి పెట్టుకోండి, విండోస్‌లోని ఎమ్ఎస్‌కాన్ఫిగ్ టూల్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టండి, అప్పుడు మార్చండి, సేఫ్ మోడ్‌లో ఒక్కసారి లేచాక టిక్ తీసేయండి.