మా అమ్మాయి ‘కైనెస్థెటిక్ లెర్నర్’ అట, స్కూలు మార్చాలా?

ఎనిమిదో తరగతి చదివే మీ అమ్మాయికి స్కూల్లో ఏదో పరీక్ష పెట్టి, ‘కైనెస్థెటిక్ లెర్నర్, అంటే చేత్తో చేస్తేనే వస్తుంది, చదివితే ఎక్కదు’ అని రంగురంగుల రిపోర్టు చేతిలో పెట్టారన్నారు. దాన్నిబట్టి స్కూలు మార్చాలా అని అడిగారు. మార్చొద్దండీ. రిపోర్టు అటక మీద పడేయండి. నా జవాబు ఇంతే. మిగతాదంతా నా సొద, ఓపికుంటే చదవండి.

మా రోజుల్లో రిపోర్టులు లేవు, సెక్షన్లు ఉండేవి. పదో తరగతి అవగానే విజయవాడ పక్కన ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో పడేశారు నన్ను. వారం వారం పరీక్ష, మెస్ బయట బోర్డు మీద ర్యాంకులు, ర్యాంకుని బట్టి సెక్షను. దసరా సెలవులు వచ్చేసరికి నేను ఆఖరి సెక్షన్లో తేలాను. అక్కడికొచ్చే సారు బోర్డు మీద లెక్క సగం చేసి, ‘మీకిది అక్కర్లేదులే, పాసవడానికి ఈ పది ప్రశ్నలు చాలు’ అని చెరిపేసేవాడు. సైన్ 120 విలువ ప్లస్ ఎందుకయింది, కాస్ 120 మైనస్ ఎందుకయింది అని ఒకసారి లేచి అడిగాను. ‘ఆల్ సిల్వర్ టీ కప్స్, కూర్చో’ అన్నాడు. ఏది ఎక్కడ ప్లస్సో గుర్తుపెట్టుకోవడానికి బట్టీ పట్టించే వాక్యం అది. కూర్చున్నాను. ఆ తర్వాత ఇక లేవలేదు.

సంస్కృతం సంగతి ఎత్తితే నాకు బీపీ పెరుగుతుంది. మార్కులొస్తాయని సెకండ్ లాంగ్వేజ్‌గా అందరికీ అదే అంటగట్టారు. 95 మార్కులు తెచ్చుకున్న మా రూమ్మేటుకి సంస్కృతంలో ఒక్క వాక్యం సొంతంగా రాదు, తెలుగులో సెలవు చీటీ రాయడమూ రాదు. సరే, అది ఇంకోసారి.

ఫస్టియర్లో మ్యాథ్స్ రెండు పేపర్లూ పోయాయి. నాన్న తిట్టలేదు, కొట్టలేదు, నరసరావుపేటలో మా మావయ్య మోటర్ వైండింగ్ షాపుకి పంపించాడు. ‘చదువు ఎలాగూ లేదు, పనైనా నేర్చుకుంటాడు’ అని అమ్మతో అంటుంటే విన్నాను.

మావయ్య ఏడో తరగతితో ఆపేశాడు. షాపు నిండా కాలిన వార్నిష్ వాసన. కాలిపోయిన మోటరు రాగానే పాత వైరు కోసి తీసి, కొత్తది చుట్టేవాళ్ళం. తీసే ముందు వైరు కూర్చునే గాళ్ళు, అదే స్లాట్లు, ఎన్ని, కాయిల్‌కి ఎన్ని చుట్లు, వైరు ఎంత మందం అన్నది ఒక నూనె మరకల నోటుపుస్తకంలో రాసుకోవాలి. అది తప్పితే మోటరు ఖతం. మొదటి నెల నాకు రాయడమూ లెక్కపెట్టడమే పని.

మే నెల, ఆవకాయల రోజులు. ఊళ్ళో కారం మిల్లాయన ఏడున్నర హెచ్‌పీ మోటరు ఎద్దుబండి మీద వేయించుకుని వచ్చాడు. ఊరంతా కారం పట్టించుకునే టైములో మిల్లు ఆగిపోయింది, మనిషి కాలుగాలిన పిల్లిలా ఉన్నాడు. 36 స్లాట్లు, నాలుగు పోళ్ళు, అంటే నాలుగు అయస్కాంత ధ్రువాలు. మోటరుకి కరెంటు మూడు ఫేజుల్లో, అంటే మూడు వరసల్లో అందుతుంది. ఒక్కో ఫేజుకి నాలుగు గ్రూపులు, గ్రూపుకి మూడు కాయిళ్ళు. ఆ మోటరు కనెక్షన్లు మావయ్య నా చేత కలిపించాడు. మొదటిసారి. బిగించి స్విచ్ వేస్తే అది తిరగదు, గుర్రుమని మూలుగుతుంది. అర నిమిషంలో వేడెక్కింది. మావయ్య స్విచ్ ఆపేశాడు.

ఆ క్షణంలో నేను చెంపదెబ్బకి సిద్ధంగా ఉన్నాను. మావయ్య ఏం చేశాడంటే, బల్ల సొరుగులోంచి కోటప్పకొండ తిరునాళ్ళలో కొన్న చిన్న దిక్సూచి తీసి నా చేతిలో పెట్టి, ట్రాక్టరు బ్యాటరీ చూపించి, ‘లోపల తిరిగే రోటరు తీసేసి, ఒక్కో ఫేజుకీ దీన్నిచ్చి లోపల చుట్టూ తిప్పి చూడు. ముల్లు ఎక్కడ అబద్ధం చెబుతుందో అక్కడుంది నీ తప్పు’ అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు. మిల్లాయన ‘పిల్లాడి చేతిలో పెట్టావేంటి’ అని గోల చేస్తే, ‘వాడు కలిపాడు, వాడే చూసుకుంటాడు, రా టీ తాగుదాం’ అని ఆయన్నీ లాక్కుపోయాడు.

బ్యాటరీ ఇచ్చి దిక్సూచి తిప్పితే గ్రూపు గ్రూపుకీ ముల్లు అటూ ఇటూ మారాలి. ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం. మొదటి రెండు ఫేజులూ సరిగ్గా వచ్చాయి. మూడో ఫేజులో ఉత్తరం తర్వాత వరసగా మూడు దక్షిణాలు వచ్చాయి. నాలుగుసార్లు తిప్పాను, నాలుగుసార్లూ అంతే. మూడో గ్రూపు తలకిందులుగా కలిపేశాను. నాకెవరూ చెప్పలేదు, నేనే పట్టుకున్నాను. ఆ రోజు నా ఒంట్లో పుట్టిన వేడి గురించి రాయమంటే నాకు చేతకాదు. చివర్లు మార్చి కట్టి స్విచ్ వేస్తే మోటరు గుమ్మని అందుకుంది. మావయ్య నన్ను ‘శభాష్’ అని కూడా అనలేదు. ‘సందులో వెదురు పుల్లలు దిగగొట్టు, రాత్రికి బల్బులు పెట్టి ఆరబెట్టాలి’ అన్నాడు.

ఇక్కడివరకు చదివి మీరు ‘చూశారా, ఈయన చేత్తో చేస్తేనే నేర్చుకునే రకం’ అనుకుంటే నేను ఒప్పుకోను. ఎందుకంటే ఆ మర్నాడే నేను మావయ్యని అడిగాను: మూడు ఫేజులూ 1, 7, 13 స్లాట్ల నుంచే ఎందుకు మొదలెట్టాలి? ‘మా గురువు అలాగే చెప్పాడు’ అన్నాడు. మరీ అడిగితే, ‘తిరుగుతుంది కదా, ఇంకేం కావాలి’ అన్నాడు. ఇరవై ఏళ్ళు చేత్తో చేసినా ఆయనకి అది తెలియలేదు. నాకు తెలిసింది పక్క వీధిలో పాలిటెక్నిక్ చదివే కుర్రాడి పుస్తకంలో. ఒక ఉత్తరం, ఒక దక్షిణం జంటకి 360 చొప్పున, నాలుగు పోళ్ళ మోటరు లోపల ఒక చుట్టు తిరిగితే విద్యుత్తు లెక్కలో 720 డిగ్రీలు. దాన్ని 36 స్లాట్లకి పంచితే స్లాటుకి 20. ఫేజుకీ ఫేజుకీ మధ్య 120 డిగ్రీలుండాలి, అంటే ఆరు స్లాట్లు. ఒకటికి ఆరు కలిపితే ఏడు, ఏడుకి ఆరు కలిపితే పదమూడు! ఆ 120 డిగ్రీలే కదండీ టీ కప్పుల కింద నొక్కేసింది!

పుస్తకం లేకపోతే నేను మంచి వైండర్ని మాత్రమే అయ్యుండేవాణ్ణి. షాపు లేకపోతే ఆ పుస్తకం తెరిచేవాణ్ణే కాదు. ఆ ఏడే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాశాను. ఇవాళ అదే ఎలక్ట్రికల్ మెషీన్స్ డిప్లొమా పిల్లలకి చెబుతున్నాను.

ఈ కళ్ళతో, చెవులతో, చేత్తో నేర్చుకునే రకాలన్న మాట ఎక్కువగా ప్రచారంలోకి తెచ్చినవాళ్ళలో న్యూజీలాండ్‌కి చెందిన నీల్ ఫ్లెమింగ్ ఒకాయన, 1992 ప్రాంతంలో. 2008లో హెరాల్డ్ పాష్లర్, ఆయనతోపాటు మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ వడపోసి, రకాన్నిబట్టి పాఠం చెబితే బాగా వస్తుందనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. అయినా మన స్కూళ్ళు ఆ రకాల పేరు చెప్పి డబ్బులు గుంజుతూనే ఉన్నాయి. వేలిముద్రలు తీసుకుని పిల్లల తెలివి చెబుతామనే వాళ్ళు కూడా తయారయ్యారు. దానికంటే చిలకజోస్యం నయం, చిలకకి ఒక గింజ వేస్తే సరిపోతుంది.

నాకు అసలు భయమేసేది ఆ ముద్ర పిల్లలు తమకు తామే వేసుకున్నప్పుడు. ఏటా మా క్లాసులో నలుగురైదుగురు వచ్చి ‘నేను ప్రాక్టికల్ టైపు సార్, థియరీ రాదు’ అంటారు. ల్యాబులో చూస్తే వాళ్ళ రికార్డు సీనియర్ రికార్డుకి నకలు, రీడింగులతో సహా! తప్పొస్తే మార్కులు పోతాయని తప్పు రాని రీడింగులు రాసుకొస్తారు. నేను వాళ్ళని తిట్టను. పిల్లాడు తప్పు చేశాక కాసేపు ఒంటరిగా దాంతో కూర్చోగలిగే చోటు వాళ్ళకెప్పుడూ దొరకలేదు. చదువుకునే వాతావరణం అంటే నా దృష్టిలో అలాంటి చోటే. ఏసీ గదులూ డిజిటల్ బోర్డులూ కాదు.

స్కూలు మార్చాలో వద్దో నిజంగా తేల్చుకోవాలంటే ఇవాళ రాత్రి అమ్మాయి నిద్రపోయాక ఆమె లెక్కల రఫ్ పుస్తకం తెరవండి. కొట్టివేతలు, పక్కన బాణం గుర్తులు, మళ్ళీ మొదటినుంచి చేసిన లెక్కలు కనిపిస్తే ఆ స్కూల్లోనే ఉంచండి. ఒక్క కొట్టివేత కూడా లేకుండా పేజీలన్నీ ముత్యాల్లా ఉంటే, అప్పుడు వేరే స్కూలు వెతకండి.