ముందు మోటారు దగ్గరికి వెళ్లు

చిట్టీ,

పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. నువ్వు పంపిన సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) చదివాను. 'భారతదేశంలో హరిత ఆర్థిక విధానాలు, సుస్థిరాభివృద్ధి: ఒక అధ్యయనం' అని పెట్టావు. ఈ పేరు మీద నాలుగు రిపోర్టులు కలిపి ఐదో రిపోర్టు రాయొచ్చు గానీ పరిశోధన చేయలేవమ్మా. దేశాన్ని వదిలిపెట్టి ఊరు పట్టుకో.

మన అనంతపురం వైపే చేతికందే విషయం ఒకటుంది. ఉచిత కరెంటు, బోరుబావులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 మేలో వ్యవసాయ కరెంటు ఉచితం చేశారు. విడిపోయాక తెలంగాణ 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలుపెట్టింది, మన దగ్గర పగటిపూటే తొమ్మిది గంటలన్నారు. ఎన్ని గంటలైనా, ఇంకో గంట మోటారు నడిపితే రైతు జేబులోంచి పోయేది సున్నా. దేశం మొత్తం మీద ఏటా 240 బిలియన్ ఘనపు మీటర్ల పైనే భూగర్భ జలం తోడుతున్నాం. ప్రపంచంలో ఇంకే దేశమూ ఇంత తోడదు. ధర, సబ్సిడీ, ఉమ్మడి వనరు అంటూ నువ్వు ఎమ్మేలో విడివిడిగా చదివిన పాఠాలన్నీ ఒక్క స్టార్టరు డబ్బా దగ్గర కలిసి కనిపిస్తాయి.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒకటే. ఈ సబ్జెక్టులో ఏ అంకె కనబడినా అది ఎంత అని చూసే ముందు ఎలా పుట్టిందో అడుగు.

వ్యవసాయ కరెంటు వాడకాన్నే తీసుకో. ఏళ్ల తరబడి మోటార్లకు మీటర్లే లేవు. మరి ఇన్ని కోట్ల యూనిట్లని ఎలా రాస్తున్నారు? కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లను శాంపిలుగా తీసుకుని, వాటికి మీటర్లు బిగించి, ఆ రీడింగుల మీద మొత్తానికి లెక్క కడతారు. అంటే అది అంచనా. మీటరు లేని చోట లైను నష్టాలనూ దొంగ కరెంటునూ కూడా రైతు ఖాతాలో రాసెయ్యడం తేలిక. అప్పుడు కాగితం మీద కరెంటు కంపెనీ నష్టాలు తగ్గుతాయి, దానికి ప్రభుత్వం నుంచి రావలసిన సబ్సిడీ పెరుగుతుంది. ఆ అంకె తీసుకొచ్చి రిగ్రెషన్ అనే గణాంక లెక్కలో వేసి 'రైతులు కరెంటు వృథా చేస్తున్నారు' అని తేల్చావనుకో, ఎవరి వృథా ఎవరి నెత్తిన పెట్టినట్టు?

మోటార్లకు మీటర్ల గొడవ నీకు గుర్తుండే ఉంటుంది. 2020లో కేంద్రం రాష్ట్రాల అదనపు అప్పుల పరిమితికీ విద్యుత్ సంస్కరణలకూ ముడిపెట్టింది. ఆ సంస్కరణల్లో భాగంగా ఆంధ్రలో శ్రీకాకుళం జిల్లాలో పైలట్‌గా మీటర్లు బిగించారు, తెలంగాణ ససేమిరా అంది. రైతు భయమల్లా ఇవాళ మీటరొస్తే రేపు బిల్లొస్తుందని. ఆ భయాన్ని అవగాహన లేకపోవడం అని రాయకు. ఇచ్చిన మాటలు గాలికి పోవడం చూసినవాళ్లు వేసుకునే లెక్క అది. నీ థీసిస్‌లో దానికీ చోటుండాలి.

ఫీల్డుకి వెళ్లేటప్పుడు ప్రశ్నావళి ఒక్కటే పట్టుకెళ్లకు. బోరు ఎన్ని నీళ్లు పోస్తుందని అడిగితే రైతు 'రెండించులు' అంటాడు, పక్కాయన 'ఇంచున్నర' అంటాడు. రాసుకో, కానీ అక్కడితో ఆగకు. 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి ఫోన్లో టైము చూడు. డ్రమ్ము నిండటానికి 100 సెకన్లు పట్టిందంటే సెకనుకు రెండు లీటర్లు, తొమ్మిది గంటలకు దాదాపు 65 వేల లీటర్లు. ఎకరంలో పరిస్తే 16 మిల్లీమీటర్లు. రోజుకు పది మిల్లీమీటర్ల దాకా తాగే వరికి ఆ బోరు కింద ఎకరంన్నర తడుస్తుంది. రైతు రెండున్నర ఎకరాలు నాటానన్నాడంటే ఎక్కడో తేడా ఉందన్నమాట, నిదానంగా మళ్లీ అడుగు. కరెంటు కూడా అంతే. 5 హెచ్‌పీ మోటారు తొమ్మిది గంటలు తిరిగితే 33 యూనిట్లని పుస్తకం చెబుతుంది. నాలుగుసార్లు కాలిపోయి, కాలిన ప్రతిసారీ రీవైండింగ్ చేయించిన మోటారు అంతకంటే ఎక్కువే లాగుతుంది. ఊళ్లో లైన్‌మన్‌ను మంచి చేసుకుంటే, తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో చూపిస్తాడు. అసలు లైన్‌మన్‌కు తెలిసినంత విద్యుత్ విధానం సెక్రటేరియట్‌లో కూడా తెలియదని నా నమ్మకం.

నీళ్లకు ధర లేదు కదా, విలువ ఎలా కట్టాలని సినాప్సిస్‌లో తెగ టెన్షన్ పడ్డావు. ఊళ్లో ధర ఉంది. బోరున్న ఎకరానికి కౌలెంత, బోరులేని మెట్ట ఎకరానికి కౌలెంత? ఆ తేడాలో నీళ్ల ధర ఉంది, దాంతోపాటు ఉచిత కరెంటు విలువలో కొంత ఉంది. ఆ డబ్బు వెళ్లేది భూమి యజమానికి. సబ్సిడీ రైతుకే అందుతోందని రాసే ముందు కౌలుదారుతో విడిగా, యజమాని లేనప్పుడు కూర్చో. నాకైతే నీ థీసిస్‌లో అన్నిటికంటే పనికొచ్చే అధ్యాయం ఇదే అవుతుందనిపిస్తోంది.

నీళ్లు పోస్తున్న బోర్లనే లెక్కపెడితే బోరు సేద్యం లాభసాటిగా కనబడుతుంది. ఎండిన బోర్లూ రాయి. నాలుగు వేస్తే ఒకటి పడినవాడికి ఆ ఒక్క బోరు ఖర్చు నాలుగింటి ఖర్చు. ఒక్కటీ పడక అప్పులు మిగిలి బెంగళూరు పోయినవాడు నీ శాంపిల్‌లో ఉండనే ఉండడు. వాళ్ల ఇంట్లో మిగిలిన పెద్దవాళ్లను అడుగు.

డ్రిప్ గురించి జాగ్రత్త. 2003 నుంచి మన రాష్ట్రంలో సూక్ష్మ సేద్యానికి పెద్ద ఎత్తున సబ్సిడీ ఇస్తున్నారు. ఎకరానికి నీళ్లు ఆదా అవుతాయి, నిజమే. ఆదా అయిన నీళ్లతో రైతు ఇంకో రెండెకరాల చీనీ (బత్తాయి) పెడతాడు. తప్పేం లేదు, ఆదాయం పెరుగుతుంది. కానీ భూగర్భంలో నీళ్లు మిగిలాయా అన్నది వేరే ప్రశ్న. ఎకరం లెక్క కాకుండా బోరు లెక్క చూడు. కాలవ కట్టి పారించినప్పుడు ఇంకిన నీళ్లలో కొంత మళ్లీ పక్కవాడి బోరుకే చేరేదని కూడా మర్చిపోకు. సోలార్ పంపులూ అంతే. 2019లో పీఎం కుసుమ్ అనే కేంద్ర పథకం కింద ఇవ్వడం మొదలుపెట్టారు. పొగ తగ్గుతుంది, తోడుడు తగ్గుతుందన్న గ్యారంటీ లేదు. గుజరాత్‌లో ఢుండి అనే ఊళ్లో రైతులు సహకార సంఘంగా ఏర్పడి మిగులు సోలార్ కరెంటును గ్రిడ్‌కు అమ్మారు. పంజాబ్‌లో 2018లో, మిగిల్చిన యూనిట్‌కు నాలుగు రూపాయలిచ్చే పథకం పెట్టారు. ఆ రెండూ చదువు. నీళ్లు తోడకపోయినా రైతుకు డబ్బొచ్చే దారి వెతికారు కాబట్టి.

మన దగ్గర జరిగిందీ ఒకటుంది. ఆంధ్రలో ఏడు కరువు జిల్లాల్లో 2003 ప్రాంతంలో ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) తోడ్పాటుతో రైతుల భూగర్భజల ప్రాజెక్టు నడిచింది. ఊళ్లో రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం కొలిచి, రబీకి ముందు కూర్చుని నీళ్ల బడ్జెట్ వేసుకునేవాళ్లు. ఫలానా పంట వెయ్యకూడదని ఎవరినీ బలవంతపెట్టలేదు. ఉమ్మడి వనరుల మీద పనికి 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రామ్ వాదన, అంటే వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని వనరును కాపాడుకోగలరన్నది, ఇక్కడ ఎంతవరకు నిలబడుతుందో పరీక్షించడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ప్రాజెక్టు డబ్బులు ఆగాక ఏ ఊళ్లో కొలత కొనసాగింది, ఎక్కడ ఆగిపోయింది, ఎందుకు? అది కనుక్కో. నీ గైడుకు కాలు మీద కాలేసుకుని చెప్పొచ్చు, ఇది కొత్త ప్రశ్న అని.

భూగర్భ జలం ఎంత తోడుతున్నారన్నదాన్ని బట్టి సేఫ్, సెమీ క్రిటికల్ అని మండలాలకు పెట్టే పేర్లు మ్యాపు గీసుకోవడానికి సరే, అంతకుమించి వాటి మీద బరువు వెయ్యకు. సేఫ్ మండలంలో కూడా గుట్ట పక్క ఊరు ఎండిపోయి ఉండొచ్చు.

అవే బోర్లను రబీ మొదట్లో ఒకసారి, మే నెలాఖరులో ఒకసారి కొలవాలి. మధ్యలో విత్తనాల రోజుల్లో వెళ్లి ఎవరినీ ఇబ్బంది పెట్టకు. మోటారు దగ్గర రైతు దొరికేది కరెంటున్న టైములోనే, కాబట్టి సబ్‌స్టేషన్‌లో ఏ ఫీడరుకు (లైనుకు) ఎప్పుడిస్తారో కనుక్కుని బయల్దేరు. బస మా ఇంట్లోనే. పెదనాన్న స్కూటీకి బ్రేకులు వేయించి ఉంచుతానన్నారు. డ్రమ్ము కూడా పెరట్లో ఉంది, కొనకు.

దీవెనలతో,
పెద్దమ్మ