వేర్వేరు సంఘాల క్రైస్తవులు ఒకే ఇంట్లో ఎలా సర్దుకుంటారు?

మాది గుంటూరు, లూథరన్ ఇల్లు. మా ఆయన వాళ్ళది ఒంగోలు, తాతల నాటి నుంచీ బాప్టిస్టులు. కాబట్టి ఈ ప్రశ్న నాకు పెళ్ళిచూపుల్లోనే ఎదురైంది.

నెలల పిల్లగా ఉన్నప్పుడు నా నెత్తిన మూడుసార్లు నీళ్ళు చిలకరించారు. మాకు అదే బాప్తిస్మం, అంటే సంఘంలో చేర్చుకోవడం. బాప్టిస్టుల లెక్కలో అది బాప్తిస్మమే కాదు. తెలివి వచ్చాక, నిండా మునగాలి. "అమ్మాయి నీళ్ళల్లోకి దిగితేనే మా గుళ్ళో పెళ్ళి" అన్నారు అక్కడి సంఘపెద్ద ఒకాయన. నాన్న ముఖం మాడిపోయింది. "అయితే ఇన్నాళ్ళూ నా కూతురు అన్యురాలా?" అని ఒక్కటే అడిగారు. చివరికి పెళ్ళి మా గుళ్ళో చేశారు. వాక్యం, అంటే బైబిలు ప్రసంగం, మాత్రం వాళ్ళ పాస్టరుగారే వచ్చి చెప్పారు.

రెండు వైపులనీ దగ్గర చేసింది పాటల పుస్తకం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అక్కడా ఇక్కడా ఒకటేగా! అత్తయ్య పుస్తకానికి అట్ట ఊడిపోతే పాత క్యాలెండరు కాగితం అంటించుకున్నారు. చూపు తగ్గాక, సాయంత్రం ప్రార్థనలో నేను నంబరు చెబితే చాలు, చరణాలన్నీ ఆవిడే అందుకునేవారు. "మీ లూథరన్లు రాగం లాగుతారమ్మాయ్" అని నవ్వేవారు. నిజమే, లాగుతాం.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.) అనే ఒకే సంఘం అయ్యాయి. దానికోసం పాతికేళ్ళు పాటుపడిన దోర్నకల్ బిషప్ అజరయ్యగారు అది చూడకుండానే 1945లో పోయారు. లూథరన్లు, బాప్టిస్టులు ఆ కలయికకి బయటే ఉండిపోయారు. మా ఇంట్లో కలిసింది సరిగ్గా ఆ ఇద్దరే!

బాబు పుట్టాక మళ్ళీ పాత గొడవే. చిలకరింపు వద్దు, ప్రతిష్ఠ (బిడ్డని దేవుడికి అప్పగించే ప్రార్థన) చేయిద్దాం, పెద్దయ్యాక వాడిష్టం అనుకున్నాం మేమిద్దరం. అమ్మ రెండు నెలలు నాతో మాట్లాడలేదు. తప్పు ఆవిడది అనను. తన నమ్మకాన్ని మేం తేలిగ్గా తీసేశామనే కదా ఆ బాధ.

పదహారో ఏట వాడే అడిగి ముంపు బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజు తొట్టి మెట్ల దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడింది మా అమ్మే. "చంటప్పుడే అయిపోయేది, ఇంత తడిసే పనే లేదు" అని గొణుగుతూ వాడి తల గట్టిగా తుడిచి, జలుబు చేస్తుందని ఫ్యాను కింద నుంచి పక్కకి లాక్కెళ్ళింది.