నలుగురి టెంటులో నలుగురు పట్టరు

ఇద్దరు పిల్లలున్న ఇంటికి నలుగురి టెంటు చాలుతుందా అని మీలో కొందరు అడిగారు. చాలదు, ఆరుగురిది తీసుకోండి. ఈ సంగతి మాకు లంబసింగిలో ఒక జనవరి రాత్రి తెలిసొచ్చింది, అదీ మా అత్తయ్యగారి సాక్షిగా.

టెంటు మా ఆయన ఆన్‌లైన్లో కొన్నారు. మనం నలుగురం, అమ్మ ఎలాగోలా పిల్లల పక్కన సర్దుకుంటుందని ఆయన లెక్క. తీరా కొలిస్తే నేల రెండు మీటర్లకి రెండు మీటర్లు. నలుగురైతేనే మనిషికి అర మీటరు, రైలు బెర్తు నయం. సంచులు కార్లోనే ఉండిపోయాయి.

వారం ముందే డాబా మీద ఒకసారి వేసి చూద్దామండీ అన్నాను. అదేమైనా బ్రహ్మవిద్యా అన్నారు. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కేసరికి చీకటి పడింది. ఫోన్ లైట్లో ఆ బ్రహ్మవిద్యకి గంటన్నర పట్టింది.

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయటుంటే కర్రలా బిగుసుకుపోతారట. ఆ భయానికి ఐదుగురం లోపల దూరి జిప్పులు, కిటికీలు అన్నీ బిగించేశాం. పక్క టెంటు కుర్రాళ్ల స్పీకరు రెండింటిదాకా మోగింది. కొండ మీదికి వచ్చి కూడా డీజే పాటలేంటో! అది ఆగి కన్ను మూతపడిందో లేదో, అత్తయ్యగారు లేచి కూర్చున్నారు. "ఏమ్మా, నా మొహం మీద నీళ్లు పడుతున్నాయి."

టార్చి వేస్తే లోపలి గుడ్డంతా చుక్కలు చుక్కలుగా నీళ్లు. బయట వాన లేదు. అమ్మినవాడు మోసం చేశాడని మా ఆయన అక్కడికక్కడే ఒక్క స్టార్ ఇవ్వబోయారు. సిగ్నల్ లేక వాడు బతికిపోయాడు. వాడి తప్పేం లేదు, ఆ నీళ్లు మావే. ఐదుగురి ఊపిరిలో ఆవిరి బయటికి పోయే దారి లేక చల్లటి గుడ్డకి పట్టేసింది. అన్నం గిన్నె మూత తీస్తే కనిపించేదే ఇదీను. మీరందరూ వాటర్‌ప్రూఫ్ ఎన్ని ఎంఎం (గుడ్డ ఎంత నీటి ఒత్తిడి ఆపుతుందో చెప్పే అంకె) అని అడుగుతారు గానీ గాలి ఎటునుంచి పోతుందని ఒక్కరూ అడగరు. పైన జాలీ, దానికి కాస్త ఎడంగా ఇంకో పొర కప్పు ఉన్న టెంటే కొనండి. ఎంత చలైనా పై సందు మూయకండి.

అసలు మమ్మల్ని వణికించింది నేల. అత్తయ్యగారికి మూడు రగ్గులు కప్పాం, కింద మాత్రం ఒక్క దుప్పటి. పాత బొంతలు రెండు కింద పరిచి ఉంటే ఆవిడ ఇవాళ్టికీ ఆ మాట ఎత్తేవారు కాదు. మధ్యలో మా ఆయన చలిమంట నిప్పులు బొచ్చెలోకి తీసి లోపల పెడదామన్నారు. అప్పుడు మాత్రం గొంతు పెంచాను. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

పొద్దున్నే మబ్బులు చూడ్డానికి చెరువులవేనం కొండ ఎక్కాం. మబ్బులు అద్భుతం, కాళ్ల కింద బిర్యానీ డబ్బాలు. తడి టెంటుని అలాగే చుట్టి డిక్కీలో పడేసి రెండు వారాలు మర్చిపోయాం. విప్పితే నల్లటి బూజు, ముక్కు పగిలే కంపు.

తర్వాత ఆరుగురిది కొని, ఈసారి ముందు డాబా మీదే వేశాం. అత్తయ్యగారు లోపల కూర్చుని, నాలుగు వైపులా చూసి, "బానే ఉంది, మీరు వెళ్లి రండి" అన్నారు.