తీపి సీరియల్స్‌తో చేసిన బార్లలో ఏది బాగుంటుంది? మేం తిని చూసి చెప్తున్న మాట

అమెరికా వచ్చి కొన్ని నెలలే అయిందనీ, స్నాక్ డబ్బాలో తోటి పిల్లలు తెచ్చుకునే సీరియల్ (పొద్దున పాలలో వేసుకుని తినే ధాన్యపు టిఫిన్) బార్లే కావాలని పాప పేచీ పెడుతోందనీ రాశారు. వాటిలో ఏవి రుచిగా ఉంటాయి, పొద్దున పాలూ సీరియల్ బదులు ఒక బార్ చేతికిచ్చి పంపేయొచ్చా అన్నది మీ ప్రశ్న.

రుచి ఒక్కటే చూస్తే సినమన్ టోస్ట్ క్రంచ్ బార్‌కే నా ఓటు. ఎవరూ వంక పెట్టనిది కావాలంటే, మరమరాల్లాంటి రైస్ క్రిస్పీస్ సీరియల్‌తో చేసే రైస్ క్రిస్పీస్ ట్రీట్స్. టిఫిన్ బదులు మాత్రం ఏదీ వద్దండి, వీటిని మిఠాయి లెక్కలోనే వేసుకోండి.

మా పిల్లలు, వాళ్ల స్నేహితులు, మా ఆయన, నేను కలిసి ఇవన్నీ ఒకేసారి తిని చూశాం. రేపర్లు ముందే తీసేసి, ముక్కలు కోసి, ప్లేట్ల అడుగున పేర్లు రాసి పెట్టాను. రేపర్ కనిపిస్తే పిల్లలు దాని మీది బొమ్మకే మార్కులేస్తారు. ముక్కకీ ముక్కకీ మధ్య మంచినీళ్లు తాగించాను. లేకపోతే మూడో ముక్క నుంచి నాలుకకు తీపి తప్ప ఇంకేమీ తెలియదు.

సినమన్ టోస్ట్ క్రంచ్ సీరియల్ రుచంతా పైన పూసిన దాల్చినచెక్క, చక్కెరల్లోనే ఉంటుంది. బార్‌గా మారినప్పుడు కరకర సగం పోయినా ఆ ఘాటు మాత్రం పోదు. విరిస్తే చిన్న చిన్న బిళ్లలు విడివిడిగా కనిపిస్తాయి, వేళ్లకు పొడి అంటుతుంది, పిల్లలు ఆ వేళ్లు కూడా నాకేశారు. లక్కీ చార్మ్స్ దగ్గర కథ తిరగబడింది. 1964 నుంచి ఉన్న ఆ సీరియల్‌లో మజా ఏమిటంటే, కాస్త తక్కువ తీపి ఉన్న ఓట్స్ ముక్కల మధ్య ఎండబెట్టిన మార్ష్‌మాలోలు (దూదిలా మెత్తగా ఉండే తీపి మిఠాయిలు) పటుక్కున విరగడం. బార్‌లో అన్నీ ఒకే జిగురు, ఒకే తీపి అయిపోయాయి. మా చిన్నోడు రంగు ముక్కలు గిల్లుకు తిని మిగతాది అక్క ప్లేట్లో పడేశాడు. గోల్డెన్ గ్రాహమ్స్ బార్‌ చాక్లెట్, మార్ష్‌మాలోలతో వస్తుంది. పెద్దవాళ్లం దాన్ని మెచ్చుకున్నాం, పిల్లలు పట్టించుకోలేదు.

ఈ తేడాకి కారణం పాకమే. మరమరాల ఉండలకు మనం బెల్లం ముదురుపాకం పడతాం. నీరంతా ఇగిరి గట్టిపడుతుంది కాబట్టి మరమరాలు కరకరలాడతాయి. ఈ బార్లేమో నెలల తరబడి షాపులో ఉన్నా మెత్తగానే ఉండాలి. అందుకని కార్న్ సిరప్, గ్లిజరిన్ లాంటి తేమను పట్టి ఉంచే పదార్థాలు వేస్తారు. ఆ తేమ మెల్లగా సీరియల్‌లోకి దిగుతుంది. కరకర మీదే బతికే సీరియల్ అక్కడ దెబ్బ తింటుంది. రైస్ క్రిస్పీస్‌కి సొంత రుచి అంతంతమాత్రమే కాబట్టి మెత్తబడినా దానికి పోయేదేమీ లేదు.

చక్కెర సంగతికొస్తే, 22 గ్రాముల రైస్ క్రిస్పీస్ ట్రీట్‌లో చక్కెరే 8 గ్రాములు, అంటే మూడో వంతుకు పైనే. రెండేళ్లు దాటిన పిల్లలకు బయట నుంచి కలిపే చక్కెర రోజుకు 25 గ్రాములు దాటకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్తుంది. తీపి సీరియల్ కూడా గొప్పదేం కాదు గానీ, దాని వంకతోనైనా కాసిని పాలు కడుపులో పడతాయి. కొన్ని బార్ల మధ్యలో తెల్లటి పాల పొర ఉంటుంది, దాన్ని చూసి పాలు తాగించేశాం అనుకోకండి. అందులో చక్కెర, నూనెలతో పాటు కాస్త పాలపొడి ఉంటుంది, అంతే. అమెరికాలో పదార్థాల జాబితాను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు, మొదటి మూడు పేర్లు చదివితే ఆ బార్ ఏమిటో తెలిసిపోతుంది.

మీరు అడగలేదు గానీ ఇది చెప్పి తీరాలి. మీ ఇంట్లో శాకాహారులుంటే జెలటిన్ ఉందేమో చూడండి. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. ఇక్కడ ఎక్కువగా పందిదో పశువుదో వాడతారు. రైస్ క్రిస్పీస్ ట్రీట్స్‌లోనూ, లక్కీ చార్మ్స్ మార్ష్‌మాలోల్లోనూ అది ఉంటుంది. కోడి, మేక తినేవాళ్లు కూడా చాలామంది ఈ మాట వినగానే డబ్బా పక్కన పెట్టేస్తారు. మా అత్తయ్యగారు ఇక్కడికొస్తే నేను అందుకే ఇంట్లోనే చేస్తాను.

ఈ రైస్ క్రిస్పీస్ ట్రీట్ మొదలైందే ఇంటి వంటలా. 1939లో మిషిగన్‌లోని కెలాగ్స్ కంపెనీ ఉద్యోగిని మిల్‌డ్రెడ్ డే తోటి ఉద్యోగినితో కలిసి దీన్ని తయారుచేశారు. నేను వాడే కొలతలు ఇవీ: మూడు టేబుల్ స్పూన్ల బటర్, పది ఔన్సుల మార్ష్‌మాలోలు, ఆరు కప్పుల రైస్ క్రిస్పీస్. డాండీస్ అని జెలటిన్ లేని మార్ష్‌మాలోలు దొరుకుతాయి, కాకపోతే అవి త్వరగా కరగవు, ఓపిక పట్టాలి. మంట పెంచారంటే బార్ రాయిలా గట్టిపడుతుంది. సీరియల్ కలిపాక చేతికి బటర్ రాసుకుని పైపైన సర్దండి చాలు, అదిమి నొక్కొద్దు. చల్లారాక చిన్న ముక్కలు కోసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే మర్నాటి స్నాక్‌కి కూడా బాగుంటాయి. ఆ తర్వాత ఎండిపోతాయి.