బాబును కాథలిక్ బడికి మార్చే ముందు

చి. సౌ. మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

బాబును వచ్చే ఆగస్టులో అక్కడి కాథలిక్ బడిలో చేర్చాలనుకుంటున్నామని వ్రాశావు. ఆ బడి మంచిదేననడంలో నాకు అనుమానం లేదు. నా బెంగంతా ఇప్పుడున్న ప్రభుత్వ బడిలో వాడికి గల హక్కు గురించే.

ప్రభుత్వ బడిలో ఉన్నంతకాలం, ఐఈపీలో, అంటే వాడి ప్రత్యేక అవసరాల కోసం తయారు చేసిన వ్యక్తిగత విద్యా ప్రణాళికలో, వ్రాసిన స్పీచ్ థెరపీని పూర్తిగా అందించవలసిన బాధ్యత ఐడియా అనే అమెరికా ప్రత్యేక విద్యా చట్టం ప్రకారం, ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్టుదే. మీ ఇష్టంతో ప్రైవేటు బడికి మార్చాక వాడికంటూ ఆ వ్యక్తిగత హక్కు ఉండదు. అలా ప్రైవేటు బడుల్లో చదివే వైకల్యమున్న పిల్లల సంఖ్యను బట్టి ఫెడరల్ నిధుల్లో ఒక వాటా తీసిపెట్టి, దానితో ఎవరికి ఏ సేవ అందించాలో ప్రైవేటు బడుల వారితో, తల్లిదండ్రుల ప్రతినిధులతో సంప్రదించి డిస్ట్రిక్టే నిర్ణయిస్తుంది. వారానికి రెండుసార్లు వచ్చే థెరపీ ఒకసారికి తగ్గవచ్చు, అసలు లేకనూ పోవచ్చు.

మతపరమైన బడి కనుక ప్రభుత్వం ఏమీ ఇవ్వకూడదని ఎవరైనా చెబితే నమ్మకు. అరిజోనాలో కాథలిక్ హైస్కూలులో చదువుతున్న వినికిడి లేని విద్యార్థికి ప్రభుత్వ ఖర్చుతో సంజ్ఞాభాష ఇంటర్‌ప్రిటర్‌ను ఇవ్వడానికి రాజ్యాంగం అడ్డురాదని 1993లోనే సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో చెప్పింది. అయితే ఇవ్వవచ్చునన్నదే ఆ తీర్పు. ఇచ్చి తీరాలని కాదు.

మీరు ఒహాయోలో ఉన్నారు కనుక జాన్ పీటర్సన్ స్కాలర్‌షిప్ అనే మరో దారి ఉంది, వైకల్యమున్న పిల్లల ప్రైవేటు బడి ఫీజుకూ థెరపీకీ రాష్ట్రం ఇచ్చే సొమ్ము అది. దానికి మీ డిస్ట్రిక్టు ఖరారు చేసిన ఐఈపీ ఉండాలి, చేర్చుకునే బడి రాష్ట్రం వద్ద నమోదై ఉండాలి. వైకల్యపు వర్గాన్ని బట్టి మొత్తం మారుతుంది. ఫీజు కట్టగా థెరపీకి ఎంత మిగులుతుందో కాగితం మీద లెక్క వేసుకోండి. అది తీసుకుంటే డిస్ట్రిక్టుకు ఉచిత విద్య బాధ్యత తీరిపోతుందని మరువకండి.

అందుచేత బాబును బడి మాన్పించకముందే ఐఈపీ సమీక్ష పూర్తి చేయించు. స్కాలర్‌షిప్ వద్దనుకుంటే, కొత్త బడి ఏ డిస్ట్రిక్టు పరిధిలో ఉందో ఆ డిస్ట్రిక్టుకే, మీ ఇంటి డిస్ట్రిక్టుకు కాదు, ఉత్తరం వ్రాసి ఈ ఏడు ఏ సేవలు ఇస్తున్నారో, థెరపిస్టు బడికే వస్తారో లేదో అడుగు. ఫోనులో చెప్పిన మాటకు విలువ లేదు, ఈమెయిల్ తప్పనిసరి. సేవలు చాలలేదని తరువాత డ్యూ ప్రాసెస్ విచారణ, అంటే డిస్ట్రిక్టుతో వివాదాన్ని నిష్పక్షపాత అధికారి విని తేల్చే విచారణ, కోరే వీలు ఉండదు. రాష్ట్ర విద్యాశాఖకు ఫిర్యాదు మాత్రమే చేయగలరు.

ఇప్పటి ఐఈపీ కాపీ నాకు పంపు. సంతకం పెట్టే ముందు ఏ పేజీలో ఏమి అడగాలో గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను.

ఇట్లు,
మీ అత్తయ్య