కారణం చెప్పకుండా పాస్‌పోర్టు ఆపవచ్చా? మేనకా గాంధీ తీర్పు నాకు అక్కరకొచ్చిన వైనం

మీ తమ్ముడి పాస్‌పోర్టు దరఖాస్తును నోటిమాటతో తిప్పి పంపారని చెబుతూ, మేనకా గాంధీ కేసు వంటి పెద్ద తీర్పులు మామూలు మనిషికి ఏమైనా పనికొస్తాయా అని అడిగారు. పనికొస్తాయి. 2016లో నాకు పనికొచ్చింది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా ఊళ్లో పొలం గట్టు తగాదాలో మా అన్నదమ్ములిద్దరి మీదా కేసు పెట్టారు, ఛార్జిషీటు కూడా పడింది. ఆ సమయంలోనే డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి నెలలు నిండుతుండగా నా పాస్‌పోర్టు రెన్యువల్‌కు పెట్టుకున్నాను. కౌంటరులో ఉన్న ఉద్యోగి, "మీ మీద కేసుందండీ, కుదరదు" అన్నారు. రెండోసారి వెళ్లినా అదే మాట. మా ప్లీడరు గారు నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగారు: "కుదరదన్న మాట కాగితం మీద ఉందా?" లేదన్నాను. అయితే ముందు ఆ కాగితం సంపాదించాలన్నారు.

ఆ కాగితం వెనుక చాలా చరిత్ర ఉంది. 1967కు ముందు పాస్‌పోర్టుల జారీని నియంత్రించే చట్టమే మన దేశంలో లేదు; ఎవరికివ్వాలో ఎవరికి మానాలో ప్రభుత్వం తన ఇష్టం మీద తేల్చేది. 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి పాస్‌పోర్టు కేసులో, మన రాజమండ్రి ప్రాంతం నుంచి వెళ్లి దేశ ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు, విదేశానికి వెళ్లే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేననీ, చట్టమనేదే లేకుండా దాన్ని అడ్డుకోవడం చెల్లదనీ తీర్పు రాశారు. అయిదుగురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఒప్పుకోలేదు. ఆ ఏడాదే పాస్‌పోర్టు చట్టం వచ్చింది.

చట్టమంటూ ఉంటే చాలా, అది న్యాయంగా కూడా ఉండాలా అన్న ప్రశ్న మేనకా గాంధీ కేసులో తేలింది. 1977 జులైలో ఆమెకు ఉత్తరం వచ్చింది: ప్రజా ప్రయోజనం దృష్ట్యా మీ పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోదలచాం, ఏడు రోజుల్లో అప్పగించండి అని. కారణాలేమిటని అడిగితే, ఆ కారణాలు తెలపకపోవడమే ప్రజా ప్రయోజనమని విదేశాంగ శాఖ బదులిచ్చింది. 1978 జనవరి 25న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, మనిషి స్వేచ్ఛను హరించే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలే తప్ప అధికారి ఇష్టానుసారం ఉండరాదనీ, ఎదుటివారి మాట వినాలన్న నియమం చట్టంలో రాసి లేకపోయినా ఉన్నట్టే భావించాలనీ చెప్పింది. ఆమె వాదన వింటామని ప్రభుత్వం హామీ ఇవ్వడంతో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేయలేదు, పాస్‌పోర్టు కూడా వెంటనే ఆమె చేతికి రాలేదు. ఆ రోజు ఆమెకు దక్కినదానికంటే మనకు దక్కిందే ఎక్కువని నా అభిప్రాయం.

అంతకు రెండేళ్లు కూడా ముందు కాదు, 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీ నడుస్తుండగా, నిర్బంధంలో ఉన్నవారు కోర్టు తలుపు తట్టే వీలు లేదని జబల్‌పూర్ కేసులో నలుగురు న్యాయమూర్తులు తీర్పిచ్చారు. ఎదురు నిలిచింది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. ఆ నలుగురిలో ఉన్న జస్టిస్ పి.ఎన్. భగవతి గారే మేనకా కేసులో ప్రధాన తీర్పు రాశారు. జబల్‌పూర్ తీర్పును సుప్రీంకోర్టు స్వయంగా తోసిపుచ్చడానికి మాత్రం 2017 దాకా పట్టింది. చీకట్లో కారణం అడగనివ్వని అధికారం ఎంతదూరం పోతుందో ఆ తీర్పు చదివితే తెలుస్తుంది. చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా ప్లీడరు గారు అరపేజీ ఉత్తరం రాయించారు: పాస్‌పోర్టు చట్టం 5(3) సెక్షన్ ప్రకారం తిరస్కరణకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వండి అని మాత్రమే. మూడు వారాలకు రెండు వాక్యాల జవాబు వచ్చింది, క్రిమినల్ కేసు పెండింగులో ఉన్నందున 6(2)(ఎఫ్) కింద ఇవ్వలేమని. ఆ రెండు వాక్యాలే దారి చూపాయి. కేసు పెండింగులో ఉన్నా, ఆ కోర్టు విదేశానికి వెళ్లడానికి అనుమతిస్తే పాస్‌పోర్టు ఇవ్వవచ్చని 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది. మేజిస్ట్రేటు అనుమతించారు, గడువేమీ రాయనందున ఏడాది మాత్రమే చెల్లే పాస్‌పోర్టు వచ్చింది. నేను వెళ్లేసరికి మా మనవరాలికి నలభై రోజులు.

మీ తమ్ముడి విషయంలో ఉన్నది ఎఫ్ఐఆర్ ఒక్కటేనా, ఛార్జిషీటును కోర్టు విచారణకు స్వీకరించిందా అన్నది ముందు ప్లీడరుతో తేల్చుకోండి, ఎందుకంటే కోర్టు ముందు కేసు లేనిదే 6(2)(ఎఫ్) వర్తించదని పలు హైకోర్టులు చెప్పాయి. కారణాలు కోరుతూ స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రసీదు దాచుకోండి. తిరస్కరణ ఉత్తర్వు చేతికొచ్చాక అప్పీలుకు 30 రోజులే గడువు కాబట్టి, కవరు అందిన తేదీని దాని మీదే రాసి పెట్టుకోండి.